ఆప్షన్ ‘సి’లో అమ్మానాన్నలు!

ఆసియా వాళ్లు ఎలా ఉంటారు? అమెరికాలో కౌన్సెలింగ్ చదివే విద్యార్థికి ఈ ప్రశ్న విలువ ఒక్క మార్కు. నాలుగు జవాబులుంటాయి, అందులో ఒకటి కరెక్టు. మరి ఆ పరీక్ష రాసేవాళ్లే ఆసియా నుంచి వెళితే? జవాబు సరిపోయినా సందేహం తీరదు!

రాత్రి పదకొండుంబావు. ల్యాప్‌టాప్‌లో క్విజ్ తెరిచి ఉంది. మొత్తం ఇరవై ప్రశ్నలు. గడియారం 11.59 దాటిందంటే ఇక ఒక్క జవాబూ పెట్టడానికి వీల్లేదు. ఏడో ప్రశ్న ఇదీ:

‘ఆసియా నుంచి వచ్చి స్థిరపడిన యాభై ఏళ్ల వ్యక్తి కౌన్సెలర్ ఎదుట తల దించుకుని కూర్చున్నాడు. కళ్లలోకి చూడటం లేదు. అడిగినదానికి ఒకటి రెండు మాటల్లో జవాబిస్తున్నాడు. దీన్ని ఎలా అర్థం చేసుకోవాలి? ఎ) చికిత్స అతనికి ఇష్టం లేదు. బి) తీవ్రమైన దిగులులో ఉన్నాడు. సి) పెద్దస్థానంలో ఉన్నవారి పట్ల తన సంస్కృతి నేర్పిన గౌరవాన్ని చూపిస్తున్నాడు. డి) ఏదో దాస్తున్నాడు.’

పరీక్ష రాస్తున్నది కరీంనగర్ నుంచి వెళ్లిన ఓ అమ్మాయి అనుకుందాం. టక్కున ‘సి’ నొక్కింది. పచ్చ టిక్కు పడింది. పాఠం రెండుసార్లు చదివింది మరి!

అంతలోనే ఏదో గుచ్చుకుంది. ఆ ప్రశ్నలో మనిషి అచ్చం వాళ్ల నాన్నలా ఉన్నాడు. మరి అమ్మ? బ్యాంకు మేనేజరు ఎదురుగా కూర్చున్నా సరే, కళ్లలోకి సూటిగా చూసి అడగాల్సింది అడిగేసి, అడగక్కర్లేనిది కూడా అడిగి వస్తుందామె. ఆమెదీ ఆసియానే. అదే ఊరు, అదే ఇల్లు. ఈ నాలుగింటిలో ఆమె ఎక్కడుంది? పోనీ నాన్న సంగతే తీసుకుందాం. తల దించుకుంటే గౌరవమేనా? నిజంగానే దిగులేమో! ‘బి’ కాదని ఎవరు చెప్పారు?

లెక్కల పరీక్షలో జవాబు తప్పితే మార్కు పోతుంది, అంతటితో సరి. మల్టీకల్చరల్ కౌన్సెలింగ్ కోర్సులో వారం వారం వచ్చే క్విజ్‌ల సంగతి వేరు. ఇక్కడ జవాబు సరిపోయినా ఎవరికో అన్యాయం చేసినట్టు అనిపిస్తుంది.

ఇంతకీ ఏమిటీ కోర్సు?

అమెరికాలో కౌన్సెలర్‌గా లైసెన్సు రావాలంటే మాస్టర్స్ డిగ్రీ కావాలి. అక్కడ కౌన్సెలింగ్ కోర్సులకు గుర్తింపునిచ్చే పెద్ద సంస్థ కేక్రెప్ 1981లో ఏర్పడింది. దాని నిబంధనల ప్రకారం డిగ్రీకి 60 క్రెడిట్లు. ప్రతి విద్యార్థీ చదివితీరాల్సిన ప్రాథమిక అంశాలు ఎనిమిది. మనిషి ఎదుగుదల, వృత్తి నీతి, పరిశోధన లాంటి వాటి పక్కనే సమాజం, సంస్కృతుల వైవిధ్యం కూడా ఆ ఎనిమిదిలో ఒకటి. ఇష్టమైతే తీసుకునేది కాదు, తప్పించుకోలేనిది.

చదువు పూర్తయ్యేలోపే 100 గంటల ప్రాక్టికం, 600 గంటల ఇంటర్న్‌షిప్ చేయాలి. అందులో ప్రాక్టికంలో 40 గంటలు, ఇంటర్న్‌షిప్‌లో 240 గంటలు నేరుగా క్లయింట్ల ఎదుట కూర్చోవాలి. అంటే... ఈ సెమిస్టర్‌లో ‘సి’ నొక్కిన వేలే కొన్ని నెలల తర్వాత ఒక నిజమైన మనిషి గురించి కేసు నోట్సు రాస్తుంది. క్విజ్ అయితే మళ్లీ రాయొచ్చు. ఆ మనిషి మళ్లీ రాకపోవచ్చు.

ఈ పాఠాలు ఊరికే పుట్టలేదు. 1962లో గిల్బర్ట్ రెన్ అనే కౌన్సెలింగ్ పండితుడు ఒక వ్యాసం రాశాడు. కౌన్సెలర్ తన సంస్కృతి అనే డొల్లలో తానే చిక్కుకుపోయి, ప్రపంచమంతా తనలాగే ఉంటుందని అనుకుంటున్నాడని ఆయన ఫిర్యాదు. దానికి ఊపిరి పోసింది మాత్రం ఆరెగన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్‌లో పుట్టిన చైనా సంతతి అన్నదమ్ములు. డెరాల్డ్ వింగ్ స్యూ రాసిన పాఠ్యపుస్తకం మొదటిసారి 1981లో వచ్చింది, తర్వాతి కూర్పుల్లో డేవిడ్ స్యూ కూడా కలిశాడు. కూర్పు మీద కూర్పు వేస్తూ ఇప్పటికీ తరగతి గదుల్లో అదే నడుస్తోంది. వాళ్ల మరో సోదరుడు స్టాన్లీ స్యూ కూడా ఇదే రంగం. (ఆయన పేరు గుర్తుంచుకోండి, మళ్లీ అవసరం పడుతుంది.)

1992లో డెరాల్డ్ స్యూ, పెట్రీషియా అరెడోండో, రొడెరిక్ మెక్‌డేవిస్ కలిసి ఒక పట్టిక తయారుచేశారు. కౌన్సెలర్ తన గురించి తాను తెలుసుకోవడం, ఎదుటివారి లోకాన్ని తెలుసుకోవడం, వారికి తగిన పద్ధతిలో పనిచేయడం... ఇవి మూడు. ఈ ఒక్కోదానికీ మళ్లీ నమ్మకాలు, జ్ఞానం, నైపుణ్యం అని మూడేసి భాగాలు. అడ్డం మూడు, నిలువు మూడు... మొత్తం తొమ్మిది గళ్లు. ఆ గళ్లలో 31 అర్హతలు. క్విజ్‌లో చాలామంది బోల్తాపడేది ఇక్కడే. ‘కిందివాటిలో ఇది ఏ గడిలోకి వస్తుంది?’ అని అడిగితే అడ్డం నిలువు కలిసిపోతాయి. 2015లో ఈ పట్టికకు సామాజిక న్యాయం అనే కోణాన్ని కలిపి కొత్త రూపమిచ్చారు. దాంతో గుర్తుపెట్టుకోవాల్సింది ఇంకొంచెం పెరిగింది!

జబ్బు ఎవరిది?

వీటన్నిటికన్నా ముందు, మొదటి వారంలోనే వచ్చే ప్రశ్న ఒకటుంటుంది. ‘డ్రాపెటోమేనియా అంటే ఏమిటి?’

పేరు చూస్తే ఏదో పెద్ద జబ్బే అనిపిస్తుంది. 1851లో శామ్యూల్ కార్ట్‌రైట్ అనే అమెరికా డాక్టరు పెట్టిన పేరది. నల్లజాతి బానిసలు యజమానుల దగ్గర్నుంచి పారిపోతుంటే, ఆ పారిపోవాలనుకోవడమే ఒక మానసిక వ్యాధి అని తేల్చాడాయన. వైద్య పత్రికలో అచ్చేశాడు కూడా. చికిత్స? కొరడా దెబ్బలు!

ఇప్పుడు వింటే నవ్వు, కోపం రెండూ వస్తాయి. కానీ అప్పట్లో అది రాసినవాడు చదువుకున్నవాడే. ‘స్వేచ్ఛ కావాలనుకోవడం జబ్బు కాదు, బానిసను చేయడమే జబ్బు’ అనే సంగతి ఆయన డొల్లలోంచి కనిపించలేదు. మరీ అంత వెనక్కి వెళ్లక్కర్లేదు. స్వలింగ సంపర్కాన్ని అమెరికా సైకియాట్రిస్టుల సంఘం తన జబ్బుల జాబితా నుంచి తీసేసింది 1973లో. అంతవరకూ అదీ వ్యాధే.

ఈ ప్రశ్నకు జవాబు ఒక్క వాక్యంలో రాసేసి ముందుకు వెళ్లొచ్చు. అలా వెళ్లినవాళ్లకి ఆ తర్వాత వచ్చే అధ్యాయాలన్నీ ఉత్త పేర్ల పట్టీలా కనిపిస్తాయి. ఒక్క నిమిషం ఆగినవాళ్లకి మాత్రం ఈ కోర్సు ఎందుకు పెట్టారో తెలిసిపోతుంది. పేరు పెట్టే అధికారం ఎవరి చేతిలో ఉంటే జబ్బు ఎదుటివాడిది అవుతుంది.

పాత... పాట!

ఇక అసలు బట్టీకి వద్దాం. ఈ కోర్సులో పదాల బరువు మామూలుది కాదు. ఉదాహరణకి ‘ఎమిక్’, ‘ఎటిక్’. ఒక సంస్కృతిని దాని లోపలి నుంచి, ఆ మనుషుల అర్థాలతోనే చూడటం ఎమిక్. బయట నిలబడి అన్ని సంస్కృతులకూ ఒకే కొలబద్ద పెట్టడం ఎటిక్. రెండూ ఒకేలా వినిపిస్తాయి కాబట్టి పరీక్షలో తారుమారైపోతాయి. కెన్నెత్ పైక్ అనే భాషావేత్త 1954లో వీటిని ధ్వనిశాస్త్రంలోని రెండు మాటల తోకలు కత్తిరించి తయారుచేశాడు.

తెలుగువాళ్లకి ఇది చిటికెలో పని. ‘పాత’ అనండి. ‘పాట’ అనండి. మనకి ఒకటి మూలన పడేసేది, ఒకటి పాడుకునేది. ఇంగ్లిష్ తప్ప మరో భాష ఎరగని చెవికి మాత్రం ఆ త, ఈ ట రెండూ ఇంచుమించు ఒకటే. ఆ రెండు చప్పుళ్లకీ తేడా ఉందని యంత్రంతో కొలిచి చెప్పొచ్చు, అది బయటి చూపు. ఆ తేడా వల్ల అర్థమే మారిపోతుందని తెలియాలంటే మాత్రం తెలుగు లోపలికి రావాలి, అది లోపలి చూపు. క్లయింటు ‘పాట’ అంటే కౌన్సెలర్‌కి ‘పాత’ అని వినిపించడమే ఈ కోర్సు భయమంతా.

మరో తలనొప్పి దశలు. నల్లజాతి అమెరికన్లు తమ గుర్తింపును తాము చేరుకునే దారిని విలియం క్రాస్ 1971లో దశలుగా చెప్పాడు. ముందు తెల్లవారి ప్రమాణాలే గొప్ప అనుకోవడం, తర్వాత ఆ నమ్మకాన్ని బద్దలుకొట్టే ఒక అనుభవం, ఆ తర్వాత తనవాళ్ల ప్రపంచంలో పూర్తిగా మునిగిపోవడం, చివరికి కుదుటపడటం. తెల్లవారికీ ఇలాంటి ప్రయాణమే ఉంటుందని జానెట్ హెల్మ్స్ ఆరు మెట్లు చెప్పింది. చిక్కేమిటంటే మునిగి తేలడం అనే అర్థమొచ్చే ‘ఇమర్షన్-ఎమర్షన్’ మెట్టు ఇద్దరి జాబితాల్లోనూ ఉంది! క్రాస్ దగ్గర అది ఒక నల్లజాతి యువకుడు తన చరిత్రలోకి దూకడం. హెల్మ్స్ దగ్గర అది ఒక తెల్లజాతి మనిషి ‘నా తెల్లదనం వల్ల నాకేమేం దక్కాయి?’ అని నిజాయతీగా వెతుక్కోవడం. పేరొక్కటే, మనుషులు వేరు. వరసగా బట్టీపట్టినవాళ్లు తప్పకుండా పడే గుంట ఇది.

దీనికో కిటుకుంది. దశ పేరు పక్కన నిర్వచనం రాసుకోకూడదు. ఆ దశలో ఉన్న మనిషి నోట వచ్చే ఒక్క మాట రాసుకోవాలి. ‘మా వాళ్లంతా ఇంతే, ఎప్పటికీ బాగుపడరు’ అంటే మొదటి మెట్టు. ‘ఆరోజు ఆ షాపులో నన్ను దొంగను చూసినట్టు చూశారు’ అంటే రెండోది. క్విజ్‌లో అడిగేదీ ఎక్కువగా ఇలాగే, ఒక చిన్న కథ చెప్పి ‘ఇతను ఎక్కడున్నాడు?’ అని. రేపు గదిలోకి వచ్చే మనిషి కూడా అంతే. ‘నేను మూడో దశలో ఉన్నానండీ’ అని ఎవరూ చెప్పరు కదా!

జాన్ బెర్రీ చెప్పిన నాలుగు దారులైతే తెలుగు కుటుంబాల్లోనే దొరుకుతాయి. కొత్త దేశంలో కలిసిపోయి పాతది వదిలేయడం, పాతదాన్నే పట్టుకుని కొత్తదాన్ని దగ్గరకు రానివ్వకపోవడం, రెండిటినీ నిలుపుకోవడం, రెంటికీ చెడటం. న్యూజెర్సీలోనో డాలస్‌లోనో ఒకే ఇంట్లో తండ్రి ఒకటి, తల్లి ఒకటి, పిల్లలు ఒకటి ఎంచుకుని ఉంటారు. ఆ నాలుగు పేర్లూ గుర్తుండకపోతే ఆ ఇంట్లో భోజనాల బల్ల దగ్గర జరిగే గొడవను గుర్తుచేసుకుంటే చాలు.

పుస్తకం మూసెయ్యాలి

అయినా ఇన్ని పేర్లు ఎలా నిలుస్తాయి? చాలామంది చేసేది ఒకటే. పసుపు రంగు పెన్నుతో గీతలు గీసి, గీసినవాటినే మళ్లీ మళ్లీ చదవడం. వాషింగ్టన్ యూనివర్సిటీకి చెందిన రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు 2006లో దీని పని పట్టారు. విద్యార్థులకు ఒక పాఠం ఇచ్చి కొందరిని రెండోసారి కూడా చదవమన్నారు. మిగతావాళ్లని పుస్తకం మూసేసి గుర్తున్నది రాయమన్నారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే రెండుసార్లు చదివినవాళ్లదే పైచేయి. వాళ్లకి 81 శాతం గుర్తుంటే, రాసినవాళ్లకి 75 శాతం. వారం తర్వాత? చదివినవాళ్లు 42 శాతానికి జారిపోయారు. రాసినవాళ్లు 56 దగ్గర నిలబడ్డారు.

అందుకే ఈ కోర్సులో గట్టెక్కేవాళ్లు చీటీలు రాసుకుంటారు. ఒక వైపు పేరు, రెండో వైపు మాట. ఫోన్లో క్విజ్‌లెట్ లాంటివి వచ్చాక కాగితం ఖర్చు తగ్గింది కానీ పద్ధతి అదే. ఇంకొందరు నలుగురైదుగురు కలిసి కూర్చుంటారు. ఈ కోర్సుకు ఇది మరీ మంచిది. ఎందుకంటే ఆ బల్ల చుట్టూ ఒక మెక్సికో సంతతి కుర్రాడు, ఒక నల్లజాతి అమ్మాయి, పల్లెటూరి నుంచి వచ్చిన ఒక తెల్లజాతి విద్యార్థి ఉంటే చీటీ మీద రాసింది నిజమో కాదో అక్కడికక్కడే తేలిపోతుంది.

పరీక్షలు రాసి రాసి ఆరితేరినవాళ్లకు తెలిసిన చిట్కా ఇంకోటుంది. బహుళైచ్ఛిక ప్రశ్నల్లో ‘ఎప్పుడూ’, ‘అందరూ’, ‘ఎన్నడూ’ అనే మాటలున్న ఆప్షన్ చాలావరకు తప్పే అవుతుంది. ఎంట్రన్స్ పరీక్షల కోచింగుల్లోనూ ఇదే చెబుతారు. తమాషా ఏమిటంటే, మిగతా సబ్జెక్టుల్లో ఇది మార్కుల కోసం చేసే కనికట్టు. ఈ సబ్జెక్టులో అదే పాఠం!

మన గురించి నాలుగు లైన్లు

మరి కరీంనగర్ అమ్మాయి సందేహం సంగతి? ఆమె చదివిన అధ్యాయంలో ఆసియా క్లయింట్ల గురించి ఉండేవి ఇలాంటి మాటలు. కుటుంబం మాటకు విలువ ఎక్కువ. పెద్దల ముందు గొంతు లేవదు. ఇంటి గుట్టు బయటపెట్టరు. మనసులో బాధను ఒంటి నొప్పిగా చెబుతారు. కౌన్సెలర్ ప్రశ్నలు అడుగుతూ కూర్చుంటే విసుగొస్తుంది, ‘ఏం చేయాలో చెప్పండి’ అంటారు.

అబద్ధాలా? కావు. మన ఇళ్లలో ‘నా మనసు బాగాలేదు’ అని డాక్టరు దగ్గరికి వెళ్లేవాళ్లు ఎంతమంది? గుండె దడ, తలపోటు, నీరసం, గాభరా, కాళ్లు గుంజుతున్నాయి... ఇవే కదా మాటలు. ‘నలుగురూ ఏమనుకుంటారో’ అనేది తెలుగునాట ఎన్ని నిర్ణయాలను ఆపిందో లెక్కలేదు. 2013లో వచ్చిన డీఎస్ఎం-5 అనే మానసిక వ్యాధుల గ్రంథం వివిధ సంస్కృతుల్లో బాధను చెప్పుకునే తీరుకు తొమ్మిది ఉదాహరణలు ఇచ్చింది. అందులో ‘ధాత్ సిండ్రోమ్’ ఒకటి. తోటి విద్యార్థులు దాన్ని నోరు తిరగక బట్టీపడుతుంటే మనవాళ్లకి బస్టాండు గోడల మీద రాతలు గుర్తొచ్చి నవ్వొస్తుంది. జింబాబ్వే షోనా భాషలోని ‘కుఫుంగిసిసా’ ఇంకొకటి. మరీ ఎక్కువగా ఆలోచించడం అని అర్థం. ‘ఆలోచనలు ఎక్కువై పిచ్చెక్కుతోంది’ అనే మాట మనకూ ఉంది, కాకపోతే ఏ గ్రంథానికీ ఎక్కలేదు.

అయితే ఆ నాలుగు లైన్లు జపాన్ నుంచి పాకిస్థాన్ దాకా అందరికీ కలిపి రాసినవి. 1966లో విలియం పీటర్సన్ అనే సామాజికవేత్త జపాన్ సంతతి అమెరికన్లను మెచ్చుకుంటూ ఒక వ్యాసం రాశాడు. వాళ్లు బుద్ధిమంతులు, కష్టపడతారు, ఎవరి సాయమూ అడగరు అని. ఆ మెప్పులోంచే ‘మోడల్ మైనారిటీ’ అనే ముద్ర పుట్టి మెల్లగా ఆసియా వాళ్లందరికీ అంటుకుంది. బాగా చదివే తెలుగు కుర్రాడు హాస్టల్ గదిలో మూడు రోజులు తలుపు తీయకపోయినా ‘వాళ్లంతే, చదువుకుంటుంటారు’ అని వదిలేసేంత బలమైన ముద్ర అది.

స్టాన్లీ స్యూ మళ్లీ అవసరపడేది ఇక్కడే. 1998లో ఆయన ఒక మాట తెచ్చాడు. దాన్ని తెలుగులో కొలత చూసుకోవడం అనొచ్చు. ఒక గుంపు గురించి తెలిసినదాన్ని ఎదుటి మనిషికి ఎప్పుడు వర్తింపజేయాలో, ఎప్పుడు పక్కన పెట్టాలో తెలియడమే నేర్పు అంటాడాయన. టైలరుకి మనుషుల కొలతలు సుమారుగా తెలుసు. అయినా టేపు తీసుకుని కొలుస్తాడు. తెలిసింది కదాని కొలవకుండా కుడితే చొక్కా పాడవుతుంది. ఏమీ తెలియకుండా కొలిస్తే ఎక్కడ కొలవాలో తెలియదు. ఏడో ప్రశ్నకు ‘సి’ పెట్టడం తప్పు కాదు. ‘సి’ తర్వాత టేపు తీయకపోవడమే తప్పు.

కులానికి అక్షరం లేదు!

కొన్ని చోట్ల టేపు మీద అంకెలే ఉండవు. పమేలా హేస్ అనే మనస్తత్వవేత్త తయారుచేసిన ‘అడ్రెసింగ్’ అనే గుర్తుమాట ప్రతి క్విజ్‌లోనూ పనికొస్తుంది. ఆ ఇంగ్లిష్ మాటలోని పది అక్షరాలకూ పది అంశాలు. వయసు, పుట్టుకతో వచ్చిన వైకల్యం, తర్వాత వచ్చిన వైకల్యం, మతం, జాతి, ఆర్థిక స్థాయి, లైంగికత, మూలవాసీ వారసత్వం, పుట్టిన దేశం, లింగం. అద్భుతమైన ఏర్పాటు. ఒక మనిషిని చూసేటప్పుడు ఏదీ మర్చిపోకుండా పది వేళ్ల మీద లెక్కపెట్టుకోవచ్చు.

కానీ పది వేళ్లూ అయిపోయాక తెలుగు విద్యార్థికి ఒకటి మిగిలిపోతుంది. కులం. దానికంటూ అక్షరం లేదు. అదే అపార్ట్‌మెంట్లో ఉండే నలుగురు తెలుగు కుర్రాళ్ల మధ్య ‘మీ ఇంటిపేరేంటి?’ అనే ప్రశ్న దేనికోసమో అమెరికన్ కౌన్సెలర్‌కు అంతుపట్టదు. అడిగిన కుర్రాడికి తెలుసు, విన్న కుర్రాడికి ఇంకా బాగా తెలుసు. సియాటెల్ నగరం కులవివక్షను నిషేధిస్తూ 2023 ఫిబ్రవరిలో చట్టం చేసింది, అమెరికాలో ఆ పని చేసిన మొదటి నగరం అదే. కరీంనగర్ యాసకూ కృష్ణా జిల్లా యాసకూ మధ్య నలిగే మాట, పాతబస్తీ ముస్లిం అమ్మాయికీ గుంటూరు క్రైస్తవ కుర్రాడికీ ‘ఇండియన్ అంటే హిందూ’ అని వినపడినప్పటి ఇబ్బంది... వీటికీ ఆప్షన్లలో చోటు తక్కువే. తరగతిలో చెయ్యెత్తి చెప్పాలి. చెప్పేవాళ్లు ఏ కులం నుంచి మాట్లాడుతున్నారో వాళ్లకి తెలిసుండాలి కూడా.

ఇది గాలిలో మాట కాదు. కౌన్సెలింగ్ చదివే ప్రతివారూ తప్పక నేర్చుకునే ఒక కేసు ఉంది. తరసాఫ్ కేసు. 1967లో బెంగాల్ నుంచి ఒక విద్యార్థి ఓడల నిర్మాణం చదువుకోవడానికి బర్క్‌లీ వెళ్లాడు. జానపద నృత్యాల తరగతిలో టటియానా తరసాఫ్ అనే అమ్మాయితో పరిచయమైంది. 1968 చివరి రోజు, కొత్త సంవత్సర వేళ ఆమె పెట్టిన ముద్దు అతనికి పెద్ద మాటలా తోచింది. ఆమెకు అది పండగపూట మర్యాద. ఆమె కాదన్నాక అతను కుంగిపోయాడు. 1969లో యూనివర్సిటీ ఆసుపత్రిలో సైకాలజిస్టుతో ఆమెను చంపుతానన్నాడు. క్యాంపస్ పోలీసులు కాసేపు పట్టుకుని వదిలేశారు. ఆమెకు గానీ ఆమె ఇంట్లోవాళ్లకు గానీ ఎవరూ చెప్పలేదు. ఆ అక్టోబరులో ఆమెను చంపేశాడు. క్లయింటు వల్ల ఎవరికైనా ప్రాణాపాయం ఉంటే వారిని కాపాడే బాధ్యత థెరపిస్టుదేనని 1976లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

వృత్తి నీతి క్విజ్‌లో ఈ కేసుకు జవాబు ఒక్కటే, కాపాడే బాధ్యత. మల్టీకల్చరల్ తరగతిలోకి వచ్చేసరికి అదే కేసు ఇంకోలా తెరుచుకుంటుంది. అతను హరిజనుడని కోర్టు తీర్పులోనే ఉంది. భారతీయ విద్యార్థులు అక్కడ పడే సాంస్కృతిక ఒత్తిళ్ల గురించి ఒక మానవశాస్త్రవేత్తతో చెప్పించాలని అతని లాయర్లు అడిగితే విచారణ కోర్టు ఒప్పుకోలేదు. ఇక్కడ జాగ్రత్త కావాలి. సంస్కృతే చంపించిందని చెప్పడం ఆ అమ్మాయికీ అన్యాయం, కాదన్నమాటను గౌరవించి ఇంటికెళ్లిపోయే లక్షలమందికీ అన్యాయం. సంస్కృతికి ఇందులో పాత్రే లేదనడం రెండో రకం డొల్ల. ఆ ముద్దుకు అతను ఏ అర్థం చెప్పుకున్నాడు, ఆ తిరస్కారం అతని ఏ పాత గాయం మీద పడింది... వీటికి నాలుగు ఆప్షన్లు రాయగల మాస్టారు ఎవరూ ఉండరు.

మార్కుల్లేని ప్రశ్నలు

అసలు పరీక్ష క్విజ్ పక్కన ఉంటుంది. ఈ కోర్సుల్లో చాలాచోట్ల విద్యార్థులతో డైరీ రాయిస్తారు. ‘మీ ఇంట్లో వేరే జాతివాళ్ల గురించి ఏం మాట్లాడుకునేవారు?’ అని అడుగుతారు. తొమ్మిది గళ్లలో మొట్టమొదటిది అదే కదా, తన గురించి తాను తెలుసుకోవడం.

తెలుగు విద్యార్థి మొదట హాయిగా కూర్చుంటాడు. వివక్ష అంటే తెల్లవాళ్లు చేసేది, తాను పడేది. ‘మీది ఏ దేశం? ఇంగ్లిష్ భలే మాట్లాడుతున్నారే!’ లాంటివి తనకీ తగిలాయి. ఇలాంటి చిన్న చిన్న గీతలకు చెస్టర్ పియర్స్ అనే నల్లజాతి సైకియాట్రిస్టు 1970లో ‘మైక్రో అగ్రెషన్’ అని పేరు పెట్టాడు. డెరాల్డ్ స్యూ బృందం 2007లో వాటిని మూడు రకాలుగా విడగొట్టింది. ఆ మూడింటికీ సొంత ఉదాహరణలు రాసేయొచ్చు.

పెన్ను కదిలేకొద్దీ వేరేవి గుర్తొస్తాయి. ‘ఆ ఏరియాలో ఇల్లు తీసుకోకండి, నల్లవాళ్లుంటారు’ అని ఎయిర్‌పోర్టు నుంచి వస్తూ సీనియరు చెప్పిన మొదటి సలహా. పెళ్లి సంబంధంలో ‘చామనఛాయ’ అనే మాట పలికేటప్పుడు తగ్గిన గొంతు. ఇంట్లో పనిమనిషికి విడిగా పెట్టిన గ్లాసు. ఇవి రాయాలా, వద్దా? రాస్తే చదివే ప్రొఫెసర్ ఏమనుకుంటారు? నలుగురూ ఏమనుకుంటారు? పాఠంలో చదివిన లైను తన పెన్ను మీదే కూర్చుంటుంది.

1998లోనే ఇద్దరు వైద్యులు, మెలనీ టెర్వలాన్, జాన్ ముర్రే గార్సియా, ‘సాంస్కృతిక వినయం’ అనే ఆలోచన చెప్పారు. ఎదుటివారి సంస్కృతిలో నిపుణులమైపోయామని అనుకోవద్దని, నేర్చుకోవడం జీవితాంతం ఉంటుందని. వినడానికి బాగుంటుంది. కాకపోతే దీన్నీ క్విజ్‌లో అడుగుతారు, ‘కిందివాటిలో వినయం ఏది?’ అని!

ఏడో ప్రశ్న మళ్లీ

11.40. కరీంనగర్ అమ్మాయి ఇరవయ్యో ప్రశ్న కూడా పూర్తిచేసి పంపేసింది. పద్దెనిమిది వచ్చాయి. వచ్చే వారం పాఠం డీఎస్ఎం-5లోని సంస్కృతి ఇంటర్వ్యూ. అందులో పదహారు ప్రశ్నలుంటాయి. వాటిలో మొదట్లోనే ఒకటుంది. మీ బాధను మీ ఇంట్లోవాళ్లకో స్నేహితులకో అయితే ఏ మాటల్లో చెబుతారని అడగడం. దాన్ని తెలుగులోకి మార్చి చూద్దామనుకుంది. ‘సమస్య’ అంటే మరీ ఆఫీసు మాటలా ఉంది. ‘బాధ’ అంటే భయపడతారు. ‘ఏమన్న అయితాందా?’ అంటే సరిపోతుందేమో.

అక్కడ పొద్దెక్కింది. ఇంటికి ఫోన్ చేసింది. ఎత్తింది అమ్మే. ఐదు నిమిషాల్లో వీధిలో సంగతులు, పక్కింటి పెళ్లి, కరెంటు బిల్లు అన్నీ చెప్పేసి, “మీ బాపుతోని మాట్లాడు, ఊకె గట్ల కూసుంటుండు” అని ఫోన్ ఇచ్చింది.

“మంచిగున్నవా బిడ్డా?”

“మంచిగనే ఉన్న బాపూ. నువ్వెట్లున్నవ్? ఏమన్న అయితాందా?”

అవతల కాసేపు చప్పుడు లేదు. మామూలుగా అయితే ఆ ఖాళీని తనే ఏదో ఒకటి మాట్లాడి నింపేసేది. ఈసారి ఊరుకుంది.

“ఏం లేదు బిడ్డా. జర నిద్ర పడ్తలేదు, గంతే.”

“ఎప్పటిసంది బాపూ?”